బయటివాళ్ళు చెప్పే సాక్ష్యం: మన విశ్వాసాన్ని ఒప్పుకోనివారితో మర్యాదగా మెలిగే దారి

కడపలో మేము కాపురం పెట్టిన మొదటి ఏడాది, వినాయక చవితి నాడు ఎదురింటి పెద్దమ్మ స్టీలు ప్లేటులో కుడుములు పెట్టుకొని, పైన అరిటాకు ముక్క కప్పి మా గడప దాకా వచ్చింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నీళ్ళలో బాప్తిస్మం తీసుకొని ఏడాది కూడా కాలేదు. "మేం విగ్రహాలకి పెట్టినవి తినం" అన్నాను. ప్లేటు ముట్టుకోలేదు, లోపలికి రమ్మనలేదు. ఆమె ఏమీ అనలేదు. ప్లేటు మీద కొంగు కప్పుకొని వెనక్కి తిరిగిపోయింది. ఆ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి దాన్నే సాక్ష్యంగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు మా రెండిళ్ళ మధ్య మాటల్లేవు.

చాలా కాలానికి బైబిల్లో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. అర్తెమి దేవి గుడిని నమ్ముకొని బతికే ఊరు ఎఫెసు. యేసు సువార్త చెప్తూ ఊరూరూ తిరిగిన పౌలు అక్కడ రెండేళ్ళకు పైగా ఉండి, చేతులతో చేసినవి దేవతలు కావని దాపరికం లేకుండా చెప్పాడు. వెండి పనివాళ్ళ బేరం దెబ్బతింది. జనం నాటకశాలలోకి దూసుకొచ్చి రెండు గంటల సేపు కేకలు పెట్టారు. అప్పుడు వాళ్ళను సముదాయించింది ఆ ఊరి అధికారి; మన తెలుగు బైబిలు అతణ్ణి కరణము అంటుంది. అతను విశ్వాసి కాడు, తన ఊరి దేవతను గొప్పగా చెప్పుకున్నవాడు. అలాంటివాడు పౌలు మనుషుల గురించి జనం ముందు ఒక మాట చెప్పాడు: వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించనూ లేదు.

ఆ కరణం నిలబడిన చోట మా ఎదురింటి పెద్దమ్మను ఊహించుకున్నాను. నా గురించి ఆమె ఆ మాట చెప్పగలదా? చెప్పలేదు. సంఘాన్ని నడిపేవాడికి ఉండాల్సిన లక్షణాల్లో పౌలు తిమోతికి ఇదీ రాశాడు: సంఘానికి వెలుపల ఉన్నవారి చేత మంచి సాక్ష్యం పొంది ఉండాలని. సాక్ష్యం అంటే మన గురించి మనం మైకులో చెప్పుకునేదే అని నేను అంతదాకా అనుకున్నాను. ఇప్పుడు సండే స్కూల్లో పెద్దపిల్లలకు, స్త్రీల కూటంలో కొత్త కోడళ్ళకు నేను నేర్పేది ఆ రెండో సాక్ష్యం గురించే. నమ్మకాన్ని పలచన చేసుకోమని ఇందులో ఎక్కడా చెప్పను. పౌలు చేసుకోలేదు.

1. తేడా ఎక్కడుందో ముందు తేల్చుకోండి

గొడవ పెట్టుకోబోయే ముందు ఒక కాగితం తీసుకొని, అవతలివారితో మీకు తేడా ఉన్న విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత మిమ్మల్ని మీరు అడగండి: ఇది దేవుని ఎదుట నా మనస్సాక్షికి సంబంధించినదా, మా సంఘంలో అలవాటా, లేక నలుగురిలో నా మాట నెగ్గాలన్న పంతమా? నేను పదిసార్లు రాసుకుంటే ఆరేడుసార్లు మూడోదే బయటపడింది. పంతమని తేలితే అక్కడే వదిలేయండి. అలవాటైతే, రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం చదవండి. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమనుకుంటాడు, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోండి అంటాడు పౌలు. మనస్సాక్షి విషయమైతేనే మిగతా మెట్లు అవసరం.

2. చెప్పే ముందు తిరిగి చూడండి, అడగండి

ఏథెన్సు నిండా విగ్రహాలుండటం చూసి పౌలు ఆత్మ పరితాపం పట్టలేకపోయిందని ఉంది. అంత బాధలోనూ అతను ముందు ఊరంతా తిరిగాడు. వాళ్ళ బలిపీఠం మీద రాసి ఉన్నది చదివాడు. వాళ్ళ కవీశ్వరుల మాట నోటికి వచ్చేంతగా తెలుసుకున్నాడు. లేచి మాట్లాడినప్పుడు మీరు భక్తిగలవారని మొదలుపెట్టాడు.

మా ఊళ్ళో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ క్రైస్తవ బోధకుడి కొడుకు. ఆయన పండితులను దగ్గర కూర్చోబెట్టుకొని తెలుగు నేర్చుకున్నాడు, వేమన పద్యాల ప్రతులు వెతికించి, సరిచూసి, 1829లో అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. తనది కాని దాన్ని వినడానికి ఆయన పెట్టిన ఓపికలో పదోవంతు నాకుంటే ఆ చవితి రోజు అలా నడిచేది కాదు.

ఎలా అడగాలన్నది ముఖ్యం. "ఎందుకు చేస్తారు ఇదంతా?" అంటే పోలీసు అడిగినట్టు ఉంటుంది. "ఇది మీ ఇంట్లో ఎప్పటి నుంచి చేస్తాండారు? దీంట్లో మీకు బాగా ఇష్టమైంది ఏంది?" అనండి. విన్నాక, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని అడగండి. "అవును, అదే నేను చెప్పేది" అని అవతలి మనిషి అనేదాకా మీ అభిప్రాయం ఎత్తొద్దు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి ఎందుకు వస్తారో మా సంఘంలో చాలామంది ఏళ్ళ తరబడి తప్పుగా చెప్పుకుంటూ వచ్చారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, వెంకటేశ్వరుడు అల్లుడు అన్న వరస మీద బియ్యం, బెల్లం పట్టుకొని వస్తారని ఒక ముస్లిం అక్కను అడిగినాకనే తెలిసింది. ఆ నమ్మకాన్ని నేను ఒప్పుకోను. ఆ వరసలోని ప్రేమ మాత్రం నాకు అర్థమైంది.

3. నోటి నుంచి కొన్ని మాటలు తీసేయండి

దీని మీద ఎక్కువ సేపు నిలబడతాను, ఎందుకంటే మన సంఘాల్లో దీన్ని తప్పని అనుకునేవాళ్ళే తక్కువ.

"అన్యులు." ఎంత తేలిగ్గా వాడతామో చూడండి. అన్యుల పెళ్ళి, అన్యుల పండగ, పక్కింటి అన్యురాలు. ఈ మాటకు బైబిల్లో అన్యజనులు అన్నదే మూలం. అక్కడ దాని అర్థం యూదులు కాని జాతులవారు అని. ఎఫెసీయులకు రాస్తూ పౌలు, మీరు మునుపు అన్యజనులు అని విశ్వాసులకే గుర్తు చేశాడు. ఆ లెక్కన కడప, కర్నూలు, అనంతపురంలో ఉన్న మనమందరం అన్యజనులమే. దేవుడు దూరస్థులను కూడా దగ్గరికి చేర్చుకున్నాడని చెప్పడానికి వాడిన మాటను మనం ఎదురింటివాళ్ళను దూరం పెట్టడానికి వాడుతున్నాం. నా మట్టుకు నేను ఆ మాట మానేశాను. "ఎదురింటి పెద్దమ్మ", "మా ఆఫీసులో అన్న", "హిందూ కుటుంబం" అంటే సరిపోతుంది. మనిషికి వరస ఉన్నప్పుడు వరసతో పిలవడం మన ఊరి పద్ధతి.

"నామకార్థ క్రైస్తవులు", "చీకట్లో ఉన్నవాళ్ళు", "లోకస్థులు" కూడా అంతే. మైకులో వీటిని వాడినప్పుడు వీధిలో అందరికీ వినబడతాయి. ఒక పరీక్ష పెట్టుకోండి: ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళు మన పక్కన చాప మీద కూర్చొని ఉంటే ఈ వాక్యం ఇలాగే అంటామా? అనలేమనిపిస్తే, వాళ్ళు లేనప్పుడు కూడా అనొద్దు. ఇది పిల్లలు ఎంత తొందరగా పట్టుకుంటారో సండే స్కూల్లో చూశాను. ఒక పాప వచ్చి "టీచర్, నా ఫ్రెండ్ అన్యురాలని మా నాయన అన్నాడు, దాంతో కూర్చోవచ్చా?" అని అడిగింది.

మన దేవుడి గురించి చెప్పేటప్పుడు వాళ్ళ దేవుళ్ళ పేరు ఎత్తాల్సిన పనే లేదు. ప్రభువు నీకేం చేశాడో చెప్పు. పేతురు రాసిన మాటలో రెండు విషయాలు గమనించండి. మీలో ఉన్న నిరీక్షణకు కారణం "అడుగు ప్రతివానికిని" జవాబు చెప్పాలి అన్నాడు. అంటే అవతలివారు అడగాలి. "సాత్వికముతోను భయముతోను" చెప్పాలి అన్నాడు. అంటే జవాబు ఎంత సరైనదైనా గొంతు పెంచి చెప్తే మనం వాక్యం దాటినట్టే.

4. ప్రసాదం దగ్గర ఏం చేయాలి

స్త్రీల కూటంలో నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొరింథు సంఘం అడిగింది కూడా ఇదే. పౌలు జవాబు ఒక్క ముక్కలో లేదు. విగ్రహం వట్టిది అన్నాడు. అంగడిలో అమ్మేది ఏమీ విచారించకుండా తినమన్నాడు. విశ్వాసి కాని మనిషి భోజనానికి పిలిస్తే వెళ్ళి వడ్డించింది తినమన్నాడు. "ఇది అర్పించినది" అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. విగ్రహారాధనకు దూరంగా ఉండమనీ అదే పత్రికలో గట్టిగా చెప్పాడు. అందుకే కొన్ని సంఘాలు ఒకలా, కొన్ని ఇంకోలా తేల్చుకున్నాయి. నేను తినను. తినే విశ్వాసిని తీర్పు తీర్చను. అయితే పౌలు ఒకటి మామూలు విషయంలా చెప్పి వదిలేశాడు: మన విశ్వాసం లేనివాళ్ళు మనల్ని భోజనానికి పిలుస్తారు, మనం వెళ్తాం. ఆ రాకపోకలే లేకపోతే మిగతా చర్చ అంతా గాలికి పోయినట్టే.

తినకూడదని మీ మనస్సాక్షి చెప్తే ఇలా చేయండి. ఎదురు వెళ్ళండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి, మంచినీళ్ళు ఇవ్వండి. ఆ తర్వాత మెల్లగా: "పెద్దమ్మా, గుర్తు పెట్టుకొని తెచ్చినారు, చానా సంతోషం. పూజలో పెట్టినవి నేను తినను, అది నా నియమం. ఇంకేదన్నా పెడితే ఎంత కావాలన్నా తింటా."

నియమం అన్న మాట ఎంత పని చేస్తుందో నేను పదేళ్ళుగా చూస్తున్నా. శనివారం ఒక్కపొద్దు, అయ్యప్ప మాల, కార్తీకంలో మాంసం మానడం, రంజాన్ రోజా — నియమం అంటే ఏమిటో ఈ నేల మీద ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. "విగ్రహాలకి పెట్టినవి" అన్నప్పుడు నేను ఆమె పూజకు తీర్పు చెప్పాను. "నా నియమం" అన్నప్పుడు నా గురించి మాత్రమే చెప్పాను. ఫలితం ఒకటే, నేను తినలేదు. పోయేటప్పుడు ఆమె ముఖం మాత్రం వేరు.

రెండు పనులు చేయొద్దు. నవ్వుతూ తీసుకొని, తలుపు వేసి చెత్తబుట్టలో పడేయొద్దు; అది అబద్ధం, పైగా వీధిలో చెత్తబండి దగ్గర అందరూ చూస్తారు. ఆమె ముందే కళ్ళు మూసుకొని, దయ్యాన్ని వెళ్ళగొడుతున్నట్టు దాని మీద గద్దింపు ప్రార్థన చేయొద్దు.

తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ ఉంది. క్రిస్మస్‌కు కేకు, గులాబీ పువ్వుల పిండివంట పంచేటప్పుడు గుడ్డు తినని ఇళ్ళకు పండ్లు వేరుగా కట్టండి. మనం ఇచ్చింది తీసుకొని తినకుండా పక్కన పెట్టే ఇళ్ళూ ఉంటాయి. అది మతం వల్ల కాదు, కులం వల్ల. నొప్పి పుడుతుంది. పుట్టలేదని నేను ఎవరికీ చెప్పను. మరుసటి ఏడాది కూడా ఇస్తాను.

5. మనల్ని అవమానించినప్పుడు

"బియ్యం కోసం, గోధుమపిండి కోసం మతం మారినోళ్ళు." ఈ మాట విననివాళ్ళు మనలో లేరు. వెంటనే మన నోట్లో ఏ జవాబు పుడుతుందో నాకు తెలుసు. దాన్ని మింగండి. తర్వాత నిజం చెప్పండి, మొత్తం నిజం. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలను నమిలేసింది. కూడు దొరికే చోటికి మనుషులు పోయారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అదే కరువులో ఒంగోలు వైపు జాన్ క్లౌ అనే మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని, వేల మందికి పని చూపించి, తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్ళీ మొదలైనాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ రెండూ చెప్పండి. మన వైపు బలహీనతను మనమే ఒప్పుకుంటే, బలమైన మాటను అవతలివారు వింటారు.

సమరయ ఊరొకటి యేసును రానివ్వనప్పుడు, ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్ళను కాల్చేయమంటావా అని ఆయన శిష్యులు యాకోబు, యోహాను అడిగారు. ఆయన వాళ్ళనే గద్దించి, ఇంకో ఊరికి నడిచాడు. నడిచి వెళ్ళిపోవడం కూడా జవాబే.

ఒక హద్దు మాత్రం స్పష్టంగా చెప్పాలి. కొట్టడం, బెదిరించడం, కులం పేరుతో తిట్టడం, ఇంట్లో భర్త చేయి చేసుకోవడం — వీటిని అభిప్రాయభేదం అనరు. ఇక్కడ ఓర్చుకోమని చెప్పే పాస్టరు గారు ఎవరైనా సరే, తప్పు చెబుతున్నారు. పౌలే తనను కొరడాలతో కొట్టబోయినప్పుడు రోమా పౌరుడిగా తన హక్కును అడిగాడు. పోలీసు స్టేషనుకు వెళ్ళండి, వకీలును కలవండి, తోడుగా ఒకరిని తీసుకుపోండి.

6. మనలో మనకు పడనప్పుడు

బయటివారితో మర్యాదగా ఉండి, సంఘంలో ఒకరినొకరు చీల్చుకునేవాళ్ళను చాలామందిని చూశాను. నేనూ అలాగే చేశాను. మా పుట్టింటివాళ్ళు సీఎస్ఐ, అత్తింటివాళ్ళు పెంతెకొస్తు. పెళ్ళికి ముందు నేను మళ్ళీ నీళ్ళలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు మా నాయనతో, "చిన్నప్పుడు మీరు చేయించింది బాప్తిస్మమే కాదు" అన్నాను. నెలల పిల్లగా ఉన్న నన్ను ఎత్తుకొని గుడిలో నిలబడి ప్రమాణం చేసిన మనిషి ఆయన. ఆయన ఏమీ వాదించలేదు, భోజనం ముందు నుంచి లేచిపోయాడు. ఈ రోజుకీ ముంచి ఇచ్చే బాప్తిస్మమే సరైనదని నేను నమ్ముతాను. ఆ వాక్యం మాత్రం నేను అనకుండా ఉండాల్సింది. "నాయనా, మీరు అప్పుడు చేసిన ప్రార్థన వల్లనే నేను ఈ నిర్ణయానికి వచ్చినా" అని ఉండొచ్చు. అదీ నిజమే.

మన ప్రాంత చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. 1947 సెప్టెంబరు 27న వేరువేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా, ఏర్పడ్డాయి. నంద్యాల చుట్టుపక్కల ఆంగ్లికన్ విశ్వాసుల్లో ఎక్కువమంది మనస్సాక్షి ఒప్పక చేరలేదు. చివరికి 1975లో చేరారు. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు. నిజమైన తేడా తీరడానికి అంత కాలం పట్టొచ్చు. అందాకా పెళ్ళిళ్ళకు, మట్టికి ఒకరింటికి ఒకరు పోతూనే ఉండాలి.

చేయాల్సింది మత్తయి 18లో ఉంది: మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుపో. సంఘం చివరిది. మనం దీన్ని తలకిందులు చేశాం. మొదటే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నాం. బొట్టు, పూలు, నగలు, తాళి వద్దని ఏ అక్కకైనా చెప్పాలనుకుంటే ఇంటికి వెళ్ళి, వంటింట్లో కూర్చొని చెప్పండి. అంత దూరం నడవడానికి ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పే అధికారం మనకు లేనట్టే.

7. మైకు

ఇది చిన్న మెట్టు, కానీ వీధిలో మన పేరు ఎక్కువగా చెడేది ఇక్కడే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అదే ఏడాది చెన్నైలోని ఒక చర్చి కేసులో, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అన్నది. అవతలి గుడి, మసీదు మైకు కూడా గట్టిగానే పెడుతున్నాయి కదా అంటారు. పెట్టనీయండి. కూటాలు పెట్టే ముందు పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు చుట్టూ ఉన్న ఇళ్ళకు వెళ్ళి, ఎన్ని రోజులు, ఎన్ని గంటలకు ముగుస్తుందో చెప్పి, ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్నారేమో కనుక్కోవాలి. మార్చిలో పరీక్షలప్పుడు బాక్సులు బయటికి తిప్పొద్దు.

8. పాడైనదాన్ని బాగు చేసుకోవడం

క్షమాపణ అడిగేటప్పుడు "కానీ" అన్న మాట రానివ్వొద్దు. "తప్పుగా మాట్లాడినా, కానీ మా విశ్వాసం ప్రకారం..." అనగానే మొదటి సగం చెరిగిపోతుంది. చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి, ఆగిపోండి. అవతలివారు కోప్పడితే పడనివ్వండి.

ఏదైనా అడగండి కూడా. యేసు సుఖారు బావి దగ్గర ఆ సమరయ స్త్రీకి ముందు ఏమీ బోధించలేదు. దాహానికి నీళ్ళు ఇమ్మన్నాడు. ఎవరి కడవ నీళ్ళు ఎవరు తాగొచ్చన్న పట్టింపు ఆ ఊళ్ళోనూ ఉంది, మన ఊళ్ళోనూ ఉంది. అందుకే ఆమె ఆశ్చర్యపోయింది. ఇచ్చేవాళ్ళుగానే ఉండాలనుకునే మనకు అడగడం చాలా కష్టం.

నాకు ఆ కష్టం వేసవి రూపంలో వచ్చింది. మా బోరు ఎండిపోయింది. వీధి మొత్తానికి నీళ్ళున్నది ఎదురింట్లోనే. రెండు బిందెలు పట్టుకొని ఆమె గేటు దగ్గర నిలబడ్డాను. "పెద్దమ్మా, ఆ చవితి నాడు మిమ్మల్ని గడపలోనే నిలబెట్టి మాట్లాడినా. ప్లేటు కూడా ముట్టుకోలా. తప్పు చేసినా" అన్నాను. ఆమె నా వైపు చూడకుండా మోటారు స్విచ్ వేసింది. "పట్టుకో పాపా, పైపు అక్కడుంది" అంది. బిందెలు నిండేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు.

ఆ ఏడాది చవితికి వాళ్ళ మనవరాలు టిఫిన్ బాక్సు తెచ్చింది. "ఇవి పూజలో పెట్టకముందే మా అవ్వ తీసిపెట్టింది అక్కా, మీరు తినొచ్చంట." ఇప్పటికీ ఏటా అదే బాక్సు వస్తుంది. మొన్న వాళ్ళ పై వాటాలో కొత్తగా దిగినావిడకు మెట్ల మీద నిలబడి పెద్దమ్మ చెప్తుంటే విన్నాను: "ఎదురింటోళ్ళు ప్రార్థన చేసుకునేటోళ్ళు. వాళ్ళకి ముందే తీసిపెట్టు, మర్చిపోవద్దు."